పిల్లలను చూచుకునే ఇంటికి గ్రాంటు దొరుకునా?

మనవాళ్ళు తరతరాలుగా స్థిరపడిన పేట ఏ ఊళ్ళో ఉన్నా, అందులో ఇటువంటి ఇల్లు ఒకటి తప్పక ఉంటుంది. ఉదయం ఎనిమిది గంటలు కాకముందే నలుగురైదుగురు తల్లులు అక్కడ పిల్లలను దింపి పనులకు వెళ్ళిపోతారు. షోలాపురంలో అయితే ఆ తల్లి చుట్టిన బీడీలను కార్ఖానాకు అప్పగించి రావలసినదై ఉంటుంది. బెంగుళూరులో అయితే బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి, చెన్నపట్నంలో అయితే ఆఫీసుకో, ఆస్పత్రికో, నాలుగిళ్ళ పనికో పోతూ ఉంటుంది. సాయంత్రం ఆమె తిరిగి వచ్చేదాకా పిల్లవాడి పాలు, అన్నం, నిద్ర, ఏడుపు, జ్వరం అన్నీ ఆ ఇంటావిడవే.

ఆ ఇంటావిడను ఎవరూ ఉద్యోగి అనరు. పిల్లలు అత్తమ్మ అంటారు, తల్లులు పిన్నిగారూ అంటారు. ఏ పిల్లకు ఏ పాలు పడవో, ఎవరు తలగడ లేకపోతే నిద్రపోరో, ఎవరికి మామిడిపండు తింటే ఒళ్ళు పొక్కుతుందో ఆవిడకు కంఠతా వచ్చు. నెల తిరిగేసరికి చేతికి వచ్చేది మాత్రం ఇచ్చినవారు ఇచ్చినంత. ఒక తల్లి జీతం ఆలస్యమైతే ఈవిడ సొమ్ముకూడా ఆలస్యమవుతుంది. ఒకరింట పెళ్ళి వచ్చి పిల్లవాడు పదిహేను రోజులు రాకపోతే, సగమే ఇచ్చి సరిపెట్టుకొమ్మంటారు.

ఇటువంటి స్త్రీలు ఈమధ్య మన సంఘాలవారిని ఒక ప్రశ్న అడుగుతున్నారు. "పిల్లలను చూచుకునేవారికి సర్కారు గ్రాంటు ఇస్తుందట గదా, మాకూ ఒక దరఖాస్తు వ్రాసిపెడతారా?" అని. ఈ మాటకు ఆధారం లేకపోలేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు, మేనల్లుళ్ళు ఫోనులో చెప్పగా విన్న సంగతి అది. 2021లో అక్కడి ప్రభుత్వం, కరోనా వల్ల మూతపడబోతున్న శిశుసంరక్షణ కేంద్రాలను నిలబెట్టటానికి సుమారు 2,400 కోట్ల డాలర్లు కేటాయించింది. తన ఇంట్లోనే పిల్లలను చూచుకునే స్త్రీకి కూడా అందులోనుండి సహాయం అందింది. ఆ నిధి 2023 సెప్టెంబరుతో ముగిసింది. అక్కడ అటువంటి ఇంటికి లైసెన్సు అనేది ఒకటి ఉంటుంది. లైసెన్సు ఉన్నది గనుక దరఖాస్తు ఆవిడ పేరనే పెట్టుకోవచ్చు.

మన దేశంలో పద్ధతి వేరు. ఇక్కడ శిశుసంరక్షణకు గ్రాంటు లేకపోలేదు. అరవై, డెబ్బై యేండ్లుగా ఏదో ఒక పేరుతో ఉంటూనే వచ్చింది. కాని అది వ్యక్తికి ఇచ్చేది కాదు, సంస్థకు ఇచ్చేది. ఇంట్లో పిల్లలను చూచుకునే స్త్రీ ఎంత మంచిదైనా, ఎంత బీదదైనా, తన పేరుమీద దరఖాస్తు పెట్టుకుంటే అది మొదటి బల్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ దరఖాస్తు ముందుకు కదలాలంటే దానిమీద రిజిస్టరయిన ఒక సంఘం పేరు ఉండాలి. కావున ఈ ప్రశ్న నిజానికి ఆ స్త్రీలు మనలను అడిగే ప్రశ్న కాదు. మన సంఘాలు తమను తాము అడుగుకోవలసినది.

గ్రాంటు పుట్టిన కథ

ఈ గ్రాంటుల చరిత్రలో మొదటి పేరు మన తెలుగువారి ఆడబడుచుదే. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయమ్మగారు 1937లో చెన్నపట్నంలో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. అనగా మనవంటి ప్రవాసాంధ్రుల నడుమనే ఆ సంస్థ పుట్టింది. చందాలు పోగుచేసి స్త్రీల సంస్థను నడపటంలోని కష్టం ఆమెకు పుస్తకాలలో చదివి తెలిసినది కాదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు. ఊరూరా స్త్రీలు నడుపుకునే చిన్న చిన్న సంస్థలకు ప్రభుత్వ ధనం చేరవేయటమే ఆ బోర్డు ఉద్దేశం. ఎన్నో బాలవాడులు ఆ సహాయంతో నడిచాయి.

బాలవాడి అనే మాట వచ్చింది గనుక మహారాష్ట్రలోని మనవారికి తెలిసిన మరొక పేరుకూడా చెప్పాలి. తారాబాయి మోడక్ గారు 1945లో థానా జిల్లా బోర్డి గ్రామంలో, అనూతాయి వాఘ్ గారి తోడ్పాటుతో, పల్లెటూరి పసిపిల్లలకోసం పని మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే పిల్లల వాకిట్లోకి తీసుకుపోవాలన్నది వారి పద్ధతి. ఈనాడు దేశమంతటా వాడుకలో ఉన్న అంగన్‌వాడి అనే మాటకు ఆ వాకిలే మూలం.

1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ గారు ఇళ్ళు కట్టే కూలీల పిల్లలకోసం, పని జరిగేచోటనే, మొబైల్ క్రెష్‌లు ప్రారంభించారు. ఇటుకలు మోసే తల్లి బిడ్డను ఇసుక కుప్పమీద పడుకోబెట్టటం ఆమె కళ్ళారా చూచారు. ఆ సంస్థ తరువాత బొంబాయిలోను, పూనాలోను కూడా పనిచేసింది. పాలమూరు నుండి మేస్త్రీల వెంట దేశమంతా తిరిగిన మన కూలిజనం ఎంతమంది ఉన్నారో తలచుకుంటే, ఇసుక కుప్పమీది బిడ్డ మనకు పరాయి బిడ్డ కాదు.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఐ.సి.డి.ఎస్. మొదలయింది; అంగన్‌వాడులు అందులోవే. అయితే అంగన్‌వాడి నడిచేది పూటలో కొన్ని గంటలు. ఫ్యాక్టరీ నడిచేది రోజంతా. మధ్యాహ్నం అంగన్‌వాడి తలుపు వేసిన తరువాత సాయంత్రం తల్లి వచ్చేదాకా బిడ్డ ఎక్కడ ఉండాలి? ఆ ఖాళీని పూరించటానికే పనిచేసే తల్లుల బిడ్డలకోసం ప్రత్యేకంగా క్రెష్ పథకాలు వచ్చాయి. 2006 జనవరి 1 నుండి రాజీవ్ గాంధీ పేరుమీద ఒక పథకం నడిచింది. 2017 జనవరి 1 నుండి అదే జాతీయ క్రెష్ పథకంగా మారి రాష్ట్రప్రభుత్వాల చేతికి వచ్చింది. 2022లో 'పాల్నా' అన్న పేరు పెట్టుకుని 'మిషన్ శక్తి'లో చేరింది. పాల్నా అంటే హిందీలో ఉయ్యాల. ఈ పాల్నాలో ముఖ్యమైన మార్పు ఏమంటే, అంగన్‌వాడితో కలిసి నడిచే క్రెష్‌లకు పెద్దపీట వేశారు. 17,000 కేంద్రాలను అట్లా తెరవాలని సంకల్పం చెప్పుకున్నారు. ఖర్చులో నూటికి 60 కేంద్రానిది, 40 రాష్ట్రానిది.

లెక్కలు ఎట్లా ఉండేవి?

పాత పథకాల లెక్కలు తెలుసుకుంటే గ్రాంటు స్వభావం బోధపడుతుంది. 2017 నాటి పథకంలో ఒక కేంద్రానికి 25 మంది పిల్లలు. వయస్సు ఆరు నెలలనుండి ఆరేండ్ల వరకు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరచి ఉంచాలి. పిల్లలు పడుకోవటానికి చోటు, మూడేండ్లలోపు వారికి ఆటపాటలు, మూడు దాటినవారికి బడికి ముందు చదువు, ఆహారం, తూకం, టీకాలు ఇవన్నీ చూడాలి. ఇంత పనికి కార్యకర్తకు నెలకు రూ. 3,000, సహాయకురాలికి రూ. 1,500 గౌరవ వేతనం. ఆ పేరులో గౌరవం ముందున్నది, వేతనం దాని వెనుక నక్కి ఉన్నది.

తల్లిదండ్రులనుండి కూడా కొంత రుసుము తీసుకోమన్నారు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు బిడ్డకు నెలకు రూ. 20, నెలకు రూ. 12,000 వరకు ఆదాయం ఉన్నవారు రూ. 100, అంతకు పైబడినవారు రూ. 200. మొత్తం ఖర్చులో నూటికి 60 కేంద్రం, 30 రాష్ట్రం భరిస్తే, మిగిలిన 10 సంస్థ తన చేతినుండి వేసుకోవాలి. 2006 నాటి పథకంలో ఇంకొక ముక్క ఉండేది. నిర్ణయించిన మొత్తంలో నూటికి 90, లేదా అసలైన ఖర్చు, "ఈ రెంటిలో ఏది తక్కువైతే అది" ఇస్తామన్నారు. ఆఫీసులలో పనిచేసేవారికి ఈ వాక్యం బాగా తెలుసు. దీని అర్థం ఒకటే: గ్రాంటు ఎన్నడూ పూర్తి ఖర్చుకు సరిపోదు, సరిపోవాలని దానిని తయారుచేయలేదు.

ఈ సంగతి ముందే తెలియక మోసపోయిన సంస్థలు అనేకం. గ్రాంటు మంజూరైంది అనగానే అద్దెకు పెద్ద ఇల్లు తీసుకోవటం, బల్లలు కొనటం, నలుగురిని పనిలో పెట్టుకోవటం జరుగుతుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇటువంటివారిని చూచి పుట్టినదే. మంజూరుకు, సొమ్ము చేతికి రావటానికి నడుమ నెలలు గడిచిపోతాయి. మార్చి నెలాఖరున ఒకసారి వస్తే, మళ్ళీ ఎప్పుడో. ఈలోగా ఇంటివానికి అద్దె, పాలవానికి బాకీ ఆగవు. అన్నిటికంటె ముందు ఆగిపోయేది పిల్లలను చూచుకునే ఆవిడ జీతం. ఎందుకంటే ఆవిడ ఒక్కతే గట్టిగా అడగదు.

ప్రభుత్వం అడిగే నాలుగు ప్రశ్నలు

అయినా గ్రాంటు వద్దని చెప్పటం నా అభిప్రాయం కాదు. అడిగే పద్ధతిలో అడగాలి. దరఖాస్తు ఫారాలు ఎన్ని పుటలున్నా, రాష్ట్రానికొక రంగున ఉన్నా, వాటిలో ఉండే ప్రశ్నలు నాలుగే. నీవు ఎవరు? ఎవరికోసం అడుగుతున్నావు? ఎంత, దేనికి? ఇచ్చినదానికి లెక్క ఎవరు చూపిస్తారు?

మొదటి ప్రశ్నకు జవాబు రిజిస్ట్రేషను. ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చేయవచ్చు. కర్ణాటకలో 1960 నాటి చట్టం, తమిళనాడులో 1975 నాటి చట్టం ఉన్నాయి. ఒరిస్సాలోను, యానాంలోను పాత 1860 నాటి చట్టమే. మహారాష్ట్రలో దానికి తోడు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కూడా ఉన్నది. మన సంఘాలు చాలావరకు ఎప్పుడో తాతలనాడే రిజిస్టరయినవి. కాని రిజిస్టరు చేసిన తరువాత ఏటేటా కార్యవర్గం జాబితా, ఆడిటయిన లెక్కలు దాఖలు చేస్తున్నవి ఎన్ని? ఉగాదికి పంచాంగ శ్రవణం, సంక్రాంతికి ముగ్గుల పోటీ మరువకుండా జరుపుతాము. రిజిస్ట్రారుకు పంపవలసిన కాగితం మాత్రం మూడేండ్లనుండి కార్యదర్శిగారి బీరువాలోనే ఉంటుంది. గ్రాంటు కావలసివచ్చినప్పుడు మొదట బయటపడే లోపం అదే. కేంద్రప్రభుత్వపు 'దర్పణ్' జాబితాలో నమోదు, సంఘం పేరుమీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా కూడా ఇందులోకే వస్తాయి.

రెండవ ప్రశ్న ఎవరికోసం అన్నది. ఇక్కడ చాలామంది ఉపన్యాసం వ్రాస్తారు. "బాలలే భావిభారత పౌరులు" అని మొదలుపెట్టి అర పుట నింపుతారు. ఆ అర పుట చదివే తీరిక ఏ గుమాస్తాకూ ఉండదు. దానికి బదులు ఒక జాబితా జతచేయండి. బిడ్డ వయస్సు, తల్లి పని, పనికి వెళ్ళే వేళ, తిరిగి వచ్చే వేళ, ఇంటి ఆదాయం, ప్రస్తుతం బిడ్డను ఎవరు చూస్తున్నారు, దగ్గరలో ఉన్న అంగన్‌వాడి ఎన్ని గంటలకు మూస్తారు. ఇట్లా ఇరవై ఇళ్ళ వివరాలు వరుసగా వ్రాసి తల్లుల సంతకాలు పెట్టిస్తే, ఆ ఒక్క కాగితం పది పుటల ఉపన్యాసం పెట్టు.

ఈ జాబితా తయారుచేయగలిగినది ఎవరు? మన అత్తమ్మే. పేటలో ఏ తల్లి ఏ షిఫ్టుకు పోతుందో ఆమెకు తెలిసినట్లు సంఘపు అధ్యక్షులకు తెలియదు. ఆవిడ చెబుతుంటే చదువుకున్న పిల్లలెవరైనా వ్రాసుకోవచ్చు.

మూడవది ఎంత, దేనికి అన్నది. ఖర్చులను రెండు భాగాలుగా వ్రాయటం మంచిది. ఒక్కసారి పెట్టేవి: చాపలు, బొంతలు, ఉయ్యాల, నీళ్ళ ఫిల్టరు, తూకపు యంత్రం, మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు. నెలనెలా పెట్టేవి: వేతనాలు, ఆహారం, అద్దె, కరెంటు, సబ్బు. ప్రతి అంకెకు ఆధారం ఉండాలి. అంగడివాని కొటేషను ఒకటి వెనుక జతచేస్తే అంకె నిలబడుతుంది. సున్నాలు చూచి భయపడతారని తగ్గించి వ్రాయవద్దు. తరువాత నడపలేక మీరే చిక్కుపడతారు. ఎట్లాగూ కోస్తారుగదా అని పెంచి వ్రాయవద్దు. పెంచిన అంకె ఎక్కడ ఉన్నదో చూడగానే పట్టుకోవటమే ఆఫీసువారి వృత్తి.

నాలుగవది లెక్క. గ్రాంటు వచ్చిన నాటినుండి దానికి వేరు క్యాషు పుస్తకం ఉండాలి. ప్రతి ఖర్చుకు వోచరు, దానిమీద ఇద్దరి సంతకాలు. కొన్న సామానుకు స్టాకు రిజిస్టరు. పిల్లల హాజరుపట్టీ ఏ రోజుది ఆ రోజే నింపాలి. నెలాఖరున కూర్చుని ఒకే కలంతో ముప్పై రోజులూ నింపినది చూడగానే తెలిసిపోతుంది. సంవత్సరాంతాన 'యుటిలైజేషన్ సర్టిఫికెట్టు' ఇవ్వాలి. కేంద్రప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో దానికి 12-ఎ అనే నమూనా ఉన్నది. ఇచ్చిన సొమ్ము ఇచ్చినపనికే ఖర్చయిందని, మిగిలినది ఇంత అని అందులో ధ్రువపరచాలి. ఇది అందితేగాని తరువాతి విడత కదలదు. పాల పద్దు సొమ్ముతో అద్దె కట్టి, అద్దె సొమ్ముతో పాలు కొంటే మన మనస్సుకు రెండూ ఒకటే. ఆడిటరుకు మాత్రం రెండూ తప్పే.

ఊరి భాషలో వ్రాయండి

దరఖాస్తును తమిళంలో మను అంటారు. కన్నడంలో అర్జి, మరాఠీలో అర్జ్, ఒరియాలో మనలాగే దరఖాస్త. పేరు ఏదైనా అది ఆ రాష్ట్రభాషలో ఉంటే ఆఫీసులో త్వరగా చదువుతారు. మన స్త్రీలలో చాలామంది ఊరి భాష గలగలా మాట్లాడతారు గాని వ్రాయలేరు. కొందరు తెలుగు మాట్లాడతారే గాని అదీ వ్రాయలేరు. కచేరీ మెట్లు ఎక్కటానికి వారు జంకేది అందుకే. రెండు భాషలూ చదివి వ్రాయగలవారు ప్రతి సంఘంలోను పదిమంది ఉంటారు. ఆఫీసులలో పనిచేసి రిటైరయినవారూ ఉన్నారు. వారానికి రెండు గంటలు వారు కూర్చుంటే చాలు.

జిల్లాలో మహిళా శిశు సంక్షేమశాఖ కార్యాలయం, దానికి దిగువను ఐ.సి.డి.ఎస్. ప్రాజెక్టుకు సి.డి.పి.ఓ. అనే అధికారిణి ఉంటారు. ముందుగా వారివద్దకే వెళ్ళండి. ఈ సంవత్సరం క్రొత్త కేంద్రాలకు అవకాశం ఉన్నదా, ఏ పేటలకు ఉన్నది, సంస్థల ద్వారానా అంగన్‌వాడి ద్వారానా, అని అడిగి తెలుసుకున్న తరువాతనే కాగితం వ్రాయండి. పథకాల పేర్లు, షరతులు మారుతూ ఉంటాయి. పోయిన సంవత్సరపు ఫారం ఈ సంవత్సరం పనికిరాకపోవచ్చు. అంగన్‌వాడితో కలిసిన క్రెష్‌లే తెరుస్తున్నారని చెబితే నిరాశపడవద్దు. వాటిలో పిల్లలను చూచుకునే పనికి స్త్రీలు కావాలి. చదువు, వయస్సు నియమాలకు సరిపోయినవారు మన పేటలో ఉంటే ఆ పనికే అర్జీ పెట్టించవచ్చు. రాష్ట్రాలలో వేరు పథకాలు కూడా వస్తూ ఉంటాయి. 2023లో కర్ణాటకం గ్రామపంచాయితీలలో 'కూసిన మనె' అనే పేరుతో శిశుగృహాలు తలపెట్టింది. కూసు అంటే పసిబిడ్డ, మనె అంటే ఇల్లు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఒక సామెత ఉన్నది. గుమాస్తాలను చూచి జనం ఈ మాట అంటూ ఉంటారు. పూజారి వైపునుండి కూడా ఒక మాట చెప్పనివ్వండి. అసంపూర్ణంగా ఉన్న దరఖాస్తును ముందుకు పంపితే అది పైనుండి అక్షింతలతో తిరిగి వచ్చేది అతనిమీదికే. జతపరచిన కాగితాల జాబితా పైన పెట్టి, పుటలకు అంకెలు వేసి, నకలు ఒకటి తీసిపెట్టుకుని, ఇచ్చినందుకు తేదీతో రశీదు పుచ్చుకున్నవారి కాగితం సాధారణంగా తప్పిపోదు.

తలుపు అందరికీ తీయాలి

ఇక్కడ మనవారు ఆలోచించవలసిన ధర్మసూక్ష్మం ఒకటి ఉన్నది. మన సంఘం పెట్టే శిశుగృహంలో మన తెలుగు పిల్లలనే చేర్చుకుందాము అని కొందరంటారు. వారి ఆశ నాకు తెలుసు. పరభాషా ప్రాంతంలో పుట్టిన బిడ్డకు తెలుగు వచ్చేది బడిలో కాదు. పాలు తాగించేటప్పుడు చెప్పే కబుర్లలో, నిద్రపుచ్చేటప్పుడు పాడే జోలపాటలో వస్తుంది. తల్లి రోజంతా పనిలో ఉంటే ఆ కబుర్లు చెప్పేది అత్తమ్మే. ఈనాడు మన పేటలలో పదేండ్ల పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారంటే, అందులో సగం పుణ్యం ఈ జీతం లేని పంతులమ్మలదే.

కాని ప్రభుత్వ ధనం తీసుకున్నప్పుడు తలుపు అందరికీ తీయాలి. ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలో మతం, జాతి, కులం, భాష కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని రాజ్యాంగంలోని 29వ అధికరణం చెబుతున్నది. శిశుగృహానికీ అదే న్యాయం. ప్రక్కింటి మరాఠీ బిడ్డ, ఎదురింటి ఒరియా బిడ్డ వస్తే చేర్చుకోవాలి. దీనివల్ల నష్టపోయేది ఏమీ లేదు. ఇన్ని తరాలుగా ఈ ఊళ్ళవాళ్ళు మనకు చోటిచ్చారు. వారి బిడ్డ మన అత్తమ్మ దగ్గర నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని వెళితే అది ఆ చోటుకు మనం చెల్లించే అద్దె అనుకోవచ్చు.

గ్రాంటు రాకపోతే?

రాకపోవటానికే అవకాశం ఎక్కువ. అందుచేత రెండవ దారికూడా ఆలోచించి ఉంచుకోవాలి. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు, మూడేండ్ల సగటు లాభంలో నూటికి రెండు వంతులు సాంఘిక కార్యాలకు వెచ్చించాలి. అటువంటి కంపెనీ మన ఊళ్ళో ఉంటే అడగవచ్చు. 2021 ఏప్రిల్ నుండి ఆ సొమ్ము తీసుకునే సంస్థ ముందుగా సి.ఎస్.ఆర్.-1 అనే ఫారంతో నమోదు కావాలి. ఆదాయపుపన్ను శాఖలో ధర్మసంస్థగా గుర్తింపు, మూడేండ్ల పని చరిత్ర ఉండాలి. మళ్ళీ అదే మాట: కాగితాలు సరిగా ఉన్న సంఘానికే అన్ని దారులూ తెరచి ఉంటాయి.

చట్టంవల్ల వచ్చే హక్కుకూడా ఒకటి ఉన్నది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, యాభైమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలలో శిశుగృహ వసతి ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూచుకోవచ్చునని నిర్ణయించారు. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో కూడా ఈ ఏర్పాటు చేర్చారు. మన పేటలోని తల్లులు పదిమంది ఒకే ఫ్యాక్టరీకి వెళుతూ ఉంటే, గ్రాంటుకంటె ముందు అడగవలసినది ఆ వసతినే.

స్త్రీ తన పేరుమీద తీసుకోగలిగినది అప్పు. 2015లో మొదలైన ముద్రా పథకంలో 'శిశు' అనే తరగతిలో హామీ లేకుండా రూ. 50,000 వరకు బ్యాంకులు ఇస్తాయి. పేరు శిశువే గాని అది పిల్లలకు సంబంధించినది కాదు. చిన్న వ్యాపారానికి పెట్టిన పేరు. అప్పు అంటే వడ్డీతో తీర్చవలసినది. చాపలు, ఫిల్టరు కొనటానికి కొద్దిగా తీసుకుంటే ఫరవాలేదు. నెలనెలా పాలఖర్చుకు అప్పు చేస్తే ఇల్లు మునుగుతుంది.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది రుసుము నిర్ణయం. ఊహకు ఒక లెక్క చూడండి. ఒక ఇంట్లో ఎనిమిదిమంది పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు వెయ్యి రూపాయలనుకుంటే ఎనిమిదివేలు వస్తుంది. పాలు, చిరుతిండి, గ్యాసు, సబ్బులకు నాలుగువేలు పోతే ఆవిడకు మిగిలేది నాలుగువేలు. ఇరవై ఆరు రోజులకు పంచితే రోజుకు నూటయాభై చిల్లర. ఎనిమిదిమంది పసివాళ్ళను పది గంటలు కాచినందుకు! ఈ లెక్క ఆవిడ ఏనాడూ వేసుకోలేదు. వేసి చూపిస్తే తల్లులు కూడా ఆలోచిస్తారు. రాని రోజులకు కోత లేకుండా నెల రుసుము ఇంత అని, ఆలస్యంగా వస్తే గంటకు ఇంత అని ఒక కాగితంమీద వ్రాసి గోడకు అంటించటానికి ఏ గ్రాంటూ అక్కరలేదు.

అదే గోడమీద ఇంకొన్ని కాగితాలు కూడా ఉండాలి. ప్రతి బిడ్డకు టీకాల కార్డు నకలు, తల్లి ఫోను నంబరు, పడని మందుల పేర్లు, బిడ్డను ఎవరి చేతికి అప్పగించవచ్చునో వారి పేర్లు. ఇంట్లోకి వచ్చిపోయే మగవాళ్ళ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పసిబిడ్డకు అపచారం జరిగినట్లు తెలిసినవారు ఫిర్యాదు చేయకుండా ఊరకుంటే అది కూడా నేరమే. సంఘం తన పేరు పెట్టదలచుకుంటే ఇవన్నీ వెళ్ళి చూచి మరీ పెట్టాలి.

సంఘాలకు మనవి

ఈ సంవత్సరపు సర్వసభ్య సమావేశంలో మన సంఘాలు మూడు తీర్మానాలు చేయగలిగితే చాలును. మొదటిది, బాకీపడిన లెక్కలు, జాబితాలు రిజిస్ట్రారుకు దాఖలు చేయటం. రెండవది, శిశుసంరక్షణకు ఐదుగురితో ఒక ఉపసంఘం. అందులో లెక్కలు తెలిసినవారు ఒకరు, ఊరి భాష వ్రాయగలవారు ఒకరు, పిల్లల తల్లి ఒకరు ఉండాలి. తక్కిన ఇద్దరూ ఇంట్లో పిల్లలను చూచుకుంటున్న స్త్రీలే కావాలి. మూడవది, ఒక చిన్న సర్దుబాటు నిధి. గ్రాంటు ఆలస్యమైన నెలలలో కార్యకర్త జీతం ఆగకుండా ఆ నిధినుండి ఇచ్చి, గ్రాంటు వచ్చిన తరువాత జమకట్టుకోవాలి. వార్షికోత్సవపు విందులో ఒక పిండివంట తగ్గిస్తే ఈ నిధికి నాంది అవుతుంది.

గ్రాంటు దరఖాస్తు ఆఖరి పుటలో సంతకానికి చోటు ఉంటుంది. దాని క్రింద "కార్యదర్శి, సంస్థ ముద్ర" అని అచ్చువేసి ఉంటుంది. పిల్లలను చూచుకునే ఆవిడ పేరు వ్రాయటానికి ఆ ఫారంలో ఎక్కడా గడి లేదు. ఆ గడి లేనంతకాలం, సంతకం చేయవలసినవారు మన కార్యదర్శిగారే.